ముందు మీ బ్రష్ తీసి చూడండి

మార్చి దాటి తిరుపతిలో ఎండలు ముదిరాయంటే నాకొచ్చే ఉత్తరాల్లో ఒకటే మాట: "డాక్టర్ గారూ, పళ్లు జివ్వుమంటున్నాయి." ఫ్రిజ్ నీళ్లు, నిమ్మ సోడా, చెరకు రసం, పచ్చి మామిడికాయ... అన్నీ ఈ నెలల్లోనే కదా నోట్లోకి వెళ్లేది. ఈసారి వచ్చిన వాటిలో ఆరు ఉత్తరాలకి జవాబు రాస్తున్నాను. పేర్లు వేయడం లేదు, ఊరు మాత్రం వేస్తున్నాను.

బైరాగిపట్టెడ, తిరుపతి నుంచి
"నాకు 42 ఏళ్లు. ఫ్రిజ్ నీళ్లు తాగితే ఎడమ వైపు పై పళ్లు జివ్వుమని తల దాకా లాగుతున్నాయి. ఇప్పుడు కుండ నీళ్లకీ అంతే. పళ్ల విషయంలో నేను చాలా శుభ్రంగా ఉంటాను, రెండు పూటలా ఐదేసి నిమిషాలు గట్టిగా తోముతాను, వారానికి రెండుసార్లు ఉప్పు, బొగ్గుపొడి కలిపి రుద్దుతాను. టీవీలో చూపించే సెన్సిటివిటీ పేస్టు ఒక వారం వాడినా గుణం లేదు. మా ఇంట్లో బోరు నీళ్లు, దానివల్లేనా? పళ్లు పీకించుకోవాల్సి వస్తుందా?"

అమ్మా, పీకించుకోవాల్సినంత సంగతి మీ ఉత్తరంలో నాకెక్కడా కనిపించలేదు, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. కానీ ఒక మాట సూటిగా చెప్తాను, నొచ్చుకోకండి. శుభ్రం అనుకుని మీరు చేస్తున్న పనే ఈ బాధ తెచ్చిపెట్టిందని నా అనుమానం. "ఎడమ వైపు పై పళ్లు" అని చదవగానే సగం అర్థమైంది. కుడిచేతి వాటం వాళ్లు బ్రష్ పట్టుకుంటే బలమంతా పడేది ఎడమ వైపు కోరపన్ను మీద, దాని వెనకున్న రెండు పళ్ల మీద. గట్టిగా తోమే వాళ్ల నోట్లో నేను ముందు చూసేది ఆ చోటే.

చేతులు కడుక్కుని, మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి పై పెదవిని ఎడమ పక్కకి లాగి పట్టుకోండి. కోరపన్ను చిగురులోంచి బయటికొచ్చే చోట, అంటే పంటి మెడ దగ్గర, చూపుడు వేలి గోరుని పైనుంచి కిందికి మెల్లగా జార్చండి. నున్నగా జారిపోతే సరే. గోరు ఒక చిన్న గాడిలో పడి ఆగిందా, అక్కడ పన్ను మిగతా పంటికన్నా పసుపుపచ్చగా ఉందా, అక్కడే జివ్వుమందా? అయితే చిగురు వెనక్కి జరిగింది, మెడ అరిగింది.

పంటికి పైన ఎనామిల్ ఉంటుంది, మన ఒంట్లో దానికన్నా గట్టి పదార్థం ఇంకోటి లేదు. కానీ అది చిగురు దగ్గరికొచ్చేసరికి అయిపోతుంది, వేరు మీద ఉండదు. అక్కడ పైపొర ఎంత పలచనంటే నాలుగు రోజులు గట్టిగా రుద్దితే నిలవదు, ఇక మిగిలేది డెంటిన్ అనే లోపలి పొర. ఆ డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్నటి గొట్టాలు, ఒక్క చదరపు మిల్లీమీటరులో వేలకొద్దీ, లోపలి నరం వైపుకి పోతుంటాయి. వాటిలో నీళ్లలాంటి ద్రవం ఉంటుంది. చల్లదనం తగలగానే ఆ ద్రవం చటుక్కున కదులుతుంది, ఆ కదలిక నరానికి తెలుస్తుంది, మనకి జివ్వుమంటుంది. తీపి తగిలినా, చలిగాలి తగిలినా, బ్రష్ కుచ్చు తగిలినా జరిగేది అదే. స్వీడన్‌కి చెందిన బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో ప్రయోగాలు చేసి చూపించిన సంగతి ఇది, ఇవాళ్టికీ మా చదువుల్లో చెప్పేది ఇదే. అంటే తెరుచుకున్న ఆ గొట్టాల నోళ్లు మూయాలి, లేదా నరాన్ని శాంతపరచాలి. మీరేమో ఉప్పు, బొగ్గుపొడితో వారానికి రెండుసార్లు ఆ నోళ్లని ఇంకా తెరుస్తున్నారు.

మా నాన్న కచ్చిక బూడిదతో తోముకునేవారు. మంచినీళ్లు తాగేటప్పుడు గ్లాసెత్తి తల కుడి పక్కకి వంచేవారు, నీళ్లు ఎడమ దవడకి తగలకుండా. చిన్నప్పుడు అది ఆయన అలవాటేమో అనుకున్నాను. ఒక్క రోజు కూడా ఆయన నొప్పి అనలేదు. పళ్ల డాక్టరు చదువు మూడో ఏడాదిలో సెలవులకి ఇంటికొచ్చి, టార్చి వేసి ఆయన నోరు చూస్తే ఎడమ వైపు నాలుగు పళ్ల మెడలు, గొడ్డలితో చెట్టు మొదట్లో గాటు పెట్టినట్టు లోపలికి అరిగిపోయి ఉన్నాయి. ఇరవై ఏళ్లు తల వంచి నీళ్లు తాగిన మనిషి. అందుకే బొగ్గుపొడి, ఇటుకపొడి, బూడిద, ఉప్పు అని ఎవరు రాసినా నేను ఊరుకోలేను.

ఇప్పుడు మీ బ్రష్ తీసుకుని ఎదురుగా పెట్టి చూడండి. కుచ్చులు రెండు పక్కలకీ విచ్చుకుని ఉంటే చెత్తబుట్టలో వేసేయండి. మామూలుగా మూడు నెలలు రావాల్సిన బ్రష్ నెలకే విచ్చుకుందంటే మీరు ఎంత బలంగా తోముతున్నారో అదే చెప్తోంది. మెత్తటి కుచ్చు ఉన్నది, అట్ట మీద సాఫ్ట్ అనో ఎక్స్‌ట్రా సాఫ్ట్ అనో రాసింది కొనండి. గిన్నెల పీచులా పిడికిట్లో పట్టుకోకండి, పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకోండి, అలా పట్టుకుంటే బలం పెట్టాలన్నా పెట్టలేరు. కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండేలా ఏటవాలుగా ఆనించి, ఉన్నచోటే చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పి, రెండు పళ్లు అయ్యాక పక్కకి జరపండి. అడ్డంగా రంపం లాగినట్టు లాగకూడదు. రెండు నిమిషాలు చాలు, పూటకి ఐదు నిమిషాలు అక్కర్లేదు.

పేస్టు వారానికే పనిచేయదమ్మా. ట్యూబు మీద ముందు వైపు రాసిన పెద్దక్షరాలు వదిలేసి వెనక చిన్నక్షరాలు చదవండి. పొటాషియం నైట్రేట్ 5 శాతం అని ఉంటే అది నరాన్ని శాంతపరిచే రకం, రెండు నుంచి నాలుగు వారాలు పూటపూటా వాడితేగానీ తేడా తెలియదు. స్టానస్ ఫ్లోరైడ్ లేదా ఆర్జినిన్ అని ఉంటే గొట్టాల నోళ్లు మూసే రకం. ఏదైనా ఫరవాలేదు, కంపెనీ ముఖ్యం కాదు, ఒకటే పట్టుకుని రెండు పూటలా వాడండి. తోమాక నురగ ఉమ్మేయండి, పుక్కిళ్ల మీద పుక్కిళ్లు పోసి మందంతా కడిగేయకండి. రాత్రి పడుకునే ముందు కందిగింజంత పేస్టు వేలికి తీసుకుని ఆ గాడి దగ్గర ఒక నిమిషం మెల్లగా రాసి వదిలేయవచ్చు. పళ్లు తెల్లబరుస్తామని చెప్పే పేస్టులు ఈ కాలంలో అసలొద్దు, వాటిలో రాపిడి గుణం ఎక్కువున్నవి చాలా ఉన్నాయి.

బోరు నీళ్ల సంగతి: నీళ్లు ఉప్పగా, గరుకుగా ఉన్నంత మాత్రాన పళ్లు జివ్వుమనవు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వేరే సమస్య, చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో అవి తాగిన పిల్లలకి మచ్చలు, గుంటలు పడతాయి. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒకసారి పరీక్ష చేయించండి, మీ పళ్ల జివ్వుకి మాత్రం బోరుని తిట్టుకోవద్దు.

నాలుగు వారాలు ఇలా చేసి చూడండి. తగ్గకపోతే, లేదా గోరు బాగా లోతుగా పడుతుంటే, డాక్టరు ఆ గాడిని పంటి రంగు సిమెంటుతో నింపుతారు. చాలామందికి మత్తు సూది కూడా అవసరం పడదు.

శ్రీకాళహస్తి నుంచి
"పది రోజుల క్రితం పళ్లు క్లీనింగ్ చేయించుకున్నాను. అప్పటినుంచి గాలి పీల్చినా జివ్వుమంటోంది. పళ్ల మధ్య సందులు కూడా వచ్చాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయని మా అత్తమ్మ ముందే చెప్పింది."

ఆ సందులు ఇప్పుడు రాలేదు, ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని గార పూడ్చేసింది. గార రాయిలా గట్టిపడి చిగురుని కిందికి తోస్తూ పోతుంది, లోపల ఎముక కరుగుతూ ఉంటుంది, పైకి మాత్రం పళ్లన్నీ కలిసి గట్టిగా ఉన్నట్టే అనిపిస్తాయి. గార తీసేయగానే దాని కింద దాక్కున్న వేరు బయటపడింది, అందుకే జివ్వు. చాలామందికి వారం, రెండు వారాల్లో తగ్గుతుంది, పైన చెప్పిన పేస్టు వాడుతూ గోరువెచ్చని నీళ్లు తాగండి. మూడు వారాలు దాటినా తగ్గకపోతే చేసిన డాక్టరుకే చూపించండి. మీ అత్తమ్మ గారికి నా మాటగా ఇంకొకటి చెప్పండి: పళ్లు కదిలించేది గారే. దాన్ని అలాగే వదిలేస్తే ఊడేది పన్ను.

బంగారుపాళెం నుంచి
"మాకు మామిడి తోట ఉంది. సీజనులో బెంగుళూరా కాయలు ఉప్పు, కారం అద్దుకుని రోజుకి నాలుగైదు తింటాను. పళ్లు పులిసిపోయి అన్నం నమలాలన్నా కష్టంగా ఉంటుంది. పులుపు పోవాలని తిన్న వెంటనే బ్రష్ చేసుకుంటున్నా. నా వయసు 23."

తమ్ముడూ, పళ్లు పులవడం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. పులుపులోని యాసిడ్ ఎనామిల్ పైపొరని మెత్తబరుస్తుంది. నోట్లో పులుపు ఒక హద్దు దాటిందంటే, లెక్క ప్రకారం పులుపుని కొలిచే పీహెచ్ (ఈ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) 5.5 కన్నా కిందికి దిగిందంటే, ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర దగ్గర ఉంటుంది, కూల్‌డ్రింకులు మూడుకి కాస్త అటూ ఇటుగా. పచ్చి మామిడి, చింతకాయ కూడా ఆ దారిలోవే. మళ్లీ దాన్ని గట్టిపరిచేది మన లాలాజలమే, దానికి అరగంటైనా టైము కావాలి. మీరేమో మెత్తబడిన ఎనామిల్ మీద వెంటనే బ్రష్ పెట్టి గోకుతున్నారు, అదే అసలు నష్టం. తిన్నాక మంచినీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, అరగంట, వీలైతే గంట ఆగి తోముకోండి.

మామిడి తోటలో ఉండి కాయ తినొద్దని నేను చెప్పను. కానీ రోజంతా ఒక్కో ముక్కా కొరుకుతూ ఉండే బదులు తినేదేదో ఒకేసారి భోజనంతో పాటు తినేయండి. ఒక్కసారి పది ముక్కలు తిన్నదానికన్నా గంటకో ముక్క చొప్పున పదిసార్లు తిన్నదే పళ్లకి ఎక్కువ హాని, ఎందుకంటే లాలాజలం కోలుకునేలోపే మళ్లీ పులుపు పడుతుంది. నిమ్మ సోడా కూడా అంతే, చప్పరిస్తూ అరగంట కూర్చోకుండా తాగేసి లేవండి. తిన్నాక ఒక గ్లాసు మజ్జిగ కాదు, మామూలు నీళ్లే మంచివి, మజ్జిగలోనూ కాస్త పులుపుంటుంది.

ఇంకొక మాట, రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుకు వస్తున్నాయా? అది కడుపులోని యాసిడ్, నిమ్మరసంకన్నా ఘాటైనది. అలా ఉంటే ముందు కడుపుకి మందు వాడాలి, అది తగ్గేదాకా ఏ పేస్టూ నిలబడదు.

చంద్రగిరి నుంచి
"మూడో నెల. రోజుకి ఐదారు సార్లు వాంతులు. వెంటనే పళ్లు తోముకోమని ఇంట్లో అంటారు. ఇప్పుడు అన్ని పళ్లూ జివ్వుమంటున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లకూడదంటారు కదా?"

తల్లీ, వాంతయ్యాక వెంటనే తోమకండి. ఒక గ్లాసు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి బాత్‌రూములోనే పెట్టుకోండి, వాంతి కాగానే దానితో పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. సోడా యాసిడ్‌ని విరిచేస్తుంది. తోమడం అరగంట తర్వాత. పేస్టు వాసనకే వాంతి వస్తుంటే కొన్నాళ్లు కాస్తంత పేస్టుతో, లేదా వట్టి బ్రష్‌తో తోమినా పరవాలేదు.

పళ్ల డాక్టరు దగ్గరికి నిక్షేపంగా వెళ్లొచ్చు. కడుపుతో ఉన్నారని ముందే చెప్పండి. మామూలు పనులకి నాలుగు నుంచి ఆరో నెల సుఖంగా ఉంటుంది, నొప్పి, వాపు ఉంటే మాత్రం ఏ నెలైనా ఆగకూడదు. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు, మీ డాక్టరమ్మని అడిగి వేసుకోండి.

పుత్తూరు నుంచి
"మా పాపకి ఎనిమిదేళ్లు. ఐస్‌క్రీమ్ తింటే వెనక పన్ను పట్టుకుని ఏడుస్తుంది. మేం వాడే సెన్సిటివిటీ పేస్టే పెట్టవచ్చా?"

పెట్టకండి. ఆ పేస్టులు పన్నెండేళ్ల లోపు పిల్లలకి డాక్టరు చెప్తే తప్ప వద్దు. ఆరేడేళ్లకి పాలపళ్ల వెనక కొత్తగా ఒక పెద్ద పన్ను వస్తుంది, ఏ పాలపన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి అది కూడా పాలపన్నే అనుకుని అమ్మానాన్నలు పట్టించుకోరు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. కొంతమంది పిల్లలకి దాని ఎనామిల్ పుట్టుకలోనే బలహీనంగా, తెల్లగానో గోధుమ రంగుగానో మచ్చలతో వస్తుంది, లేదా అప్పుడే పిప్పి పట్టి ఉంటుంది. ఈ వారంలోనే చూపించండి. ఫ్లోరైడ్ పూత వేయడమో, గాడులు మూయడమో ఇప్పుడైతే సూది లేకుండా అయిపోతుంది.

పలమనేరు నుంచి
"మా ఆయనకి 51 ఏళ్లు, షుగరుంది. కింద కుడి దవడ పన్ను ముందు చల్లటిదానికే జివ్వుమనేది, పేస్టు వాడారు. ఇప్పుడు వేడి కాఫీ తాగితే మొదలై పావుగంట దాకా లాగుతుంది. రాత్రి పడుకుంటే ఎక్కువై లేచి కూర్చుంటున్నారు. మా అవ్వ లవంగం నూనె పెట్టమంటుంది, పక్కింటివాళ్లు మాత్ర నలిపి పంటి మీద పెట్టమన్నారు. ఆస్పత్రికి రమ్మంటే, తగ్గిపోతుందిలే అంటారు."

అక్కా, ఈ ఉత్తరం చివర పెట్టింది ఇది ముఖ్యం కాదని కాదు. పుత్తూరు పాప తప్ప మిగతా నలుగురు ఇంట్లోనే చాలావరకు చూసుకోవచ్చు, మీ ఆయన చూసుకోలేరు. ఆ తేడా అందరికీ తెలియాలి.

జివ్వుమనే పన్ను, చల్లటిది తీసేయగానే కొన్ని సెకన్లలో ఊరుకుంటుంది. తీసేసినా అర నిమిషం దాటి లాగుతూనే ఉందంటే, చల్లటిదానికి బదులు వేడికి మొదలైందంటే, ఏదీ తగలకపోయినా దానంతటదే పోటు వస్తోందంటే, పడుకున్నప్పుడు ఎక్కువవుతోందంటే, నరం దాకా పిప్పి చేరి లోపల వాచింది. ఏ పేస్టూ దాన్ని వెనక్కి తిప్పలేదు. కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే పన్ను పగిలి ఉండవచ్చు, అదీ చూపించాల్సిందే.

లవంగం నూనెలో యూజినాల్ ఉంటుంది, అది కాసేపు మొద్దుబారుస్తుంది, అవ్వ చెప్పింది ఉత్త మాట కాదు. దూది ఉండకి ఒక్క చుక్క వేసి, అదనపు నూనె పిండేసి, పంటి గుంటలో మాత్రమే పెట్టి కాసేపటికి తీసేయండి. సీసాలోంచి నేరుగా పోస్తే చిగురు కాలుతుంది. మాత్ర నలిపి పంటి మీద పెట్టడం మాత్రం అస్సలు వద్దు, చిగురు, బుగ్గ లోపల తెల్లగా కాలిపోయి పుండు పడతాయి, నొప్పి ఒకటి ఉండేచోట రెండవుతాయి. మాత్ర మింగితేనే పనిచేస్తుంది. కాలేయం జబ్బు లేకపోతే పారాసిటమాల్ 500 ఒకటి వేసుకుని, అవసరమైతే ఆరు గంటల తర్వాత ఇంకోటి. మిగతా నొప్పి మాత్రలు షుగరున్న వాళ్లు కిడ్నీల సంగతి చూసుకోకుండా వేసుకోకూడదు. గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించవచ్చు. బుగ్గ బయట వేడి కాపడం పెట్టకండి. పడుకునేటప్పుడు రెండు దిండ్లు వేసుకుంటే పోటు కాస్త తగ్గుతుంది. ఇవన్నీ ఒక్క రాత్రి గడవడానికి, అంతే.

షుగరున్న మనిషికి పంటి చీము త్వరగా పాకుతుంది, చీము ఉంటే షుగరు అదుపులోకి రాదు. బుగ్గ గానీ దవడ కింద గానీ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా పళ్ల డాక్టరు కోసం తెల్లవారేదాకా ఆగొద్దు, ఏ రాత్రైనా నేరుగా పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే రేపు పొద్దున చిత్తూరు జిల్లా ఆస్పత్రికో తిరుపతి రుయాకో, మీకు నమ్మకమున్న క్లినిక్‌కో వెళ్లండి. మందుల చీటీ, షుగరు పరీక్ష కాగితం పట్టుకెళ్లండి. టిఫిన్ తిని, మందు వేసుకునే వెళ్లండి, ఖాళీ కడుపుతో వద్దు. ఇప్పుడైతే రూట్ కెనాల్ చేసి పన్ను నిలబెట్టే అవకాశం చాలావరకు ఉంటుంది.

ఒక రోజు పొద్దున లేచి "నొప్పి పోయింది, చూశావా" అని ఆయన అంటే ఆ రోజు మరింత తొందరపడండి అక్కా. రాత్రంతా లాగిన పన్ను చటుక్కున ఊరుకుందంటే చాలాసార్లు లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. చీము కింద ఎముకలోకి దిగేది ఆ తర్వాతే.